టైరుకు సగటు పనికిరాదు

ఇంటర్ మొదటి ఏడాది పిల్లలకు వెర్నియర్ కాలిపర్స్ చేతికిచ్చినప్పుడు ఏటా ఒకే మాట చెబుతాను. ఒక్క రీడింగును నమ్మకండి, మూడు నాలుగు చోట్ల తీసుకోండి, సగటు కట్టండి. ఇరవై రెండేళ్లుగా ఇదే పాట. ఆ అలవాటే నన్ను నా కారు టైరు దగ్గర తప్పుదారి పట్టించింది.

నేనుండేది కోదాడలో, పాఠాలు చెప్పేది సూర్యాపేటలో. రానూపోనూ దాదాపు 90 కిలోమీటర్లు, హైదరాబాద్–విజయవాడ హైవే మీదే. కారు పాత స్విఫ్ట్. ఆగస్టులో ఒక సాయంత్రం కాలేజీ నుంచి తిరిగొస్తుంటే మునగాల దగ్గర గట్టి వాన పట్టుకుంది. రోడ్డు ఎడమ అంచున నీళ్లు నిలిచి ఉన్నాయి. ముందు లారీ నెమ్మదిస్తే నేనూ కొంచెం బ్రేకు తొక్కాను. ఒక్క క్షణం స్టీరింగు దూదిలా తేలికైపోయింది. తిప్పుతున్నాను గానీ కారుకు ఆ సంగతి తెలియడం లేదు. నీళ్లు దాటగానే మళ్లీ పట్టు దొరికింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఇంటికొచ్చాక మాత్రం టీ గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణికింది.

నన్ను ఇబ్బంది పెట్టిన సంగతి వేరే ఉంది. అంతకు పది రోజుల ముందే నేను టైర్ల గాడులు ఎంత లోతున్నాయో కొలిచాను. ల్యాబు నుంచి వెర్నియర్ తెచ్చి మరీ కొలిచాను. ముందు ఎడమ టైరుకు బయటి గాడిలో 4.2 మిల్లీమీటర్లు, మధ్య గాడిలో 3.8. సగటు 4. నోట్‌బుక్కులో రాసుకుని ‘ఇంకో ఏడాది నడుస్తాయి’ అని నిశ్చింతగా ఉన్నాను.

వానలో కారు పట్టు తప్పిన మర్నాడు మా ఊరి పంక్చర్ షాపుకు వెళ్లాను. ఆ కుర్రాడు స్టీరింగు పూర్తిగా తిప్పమన్నాడు. కిందకి వంగి ఒకసారి చూశాడు. “సార్, బయట చూసి మురిసిపోతే ఎట్ల? చెయ్యి లోపలికి పెట్టి చూడండి” అన్నాడు. పెట్టాను. వేలికి చురుక్కున గుచ్చుకుంది. లోపలి అంచున రబ్బరు పూర్తిగా పోయి తీగలు బయటపడి ఉన్నాయి. లోపలి గాడి జాడే లేదు, సున్నా.

ఇప్పుడు ఆ సున్నాను కూడా కలిపి సగటు కట్టండి. 4.2, 3.8, 0. సగటు 2.7 వస్తుంది. కేంద్ర మోటారు వాహన నియమాల్లో కార్లకు చెప్పిన కనీస లోతు 1.6 మిల్లీమీటర్లు. అంటే తీగలు తేలిన టైరు కూడా నా సగటు లెక్కలో పాసే! టైరు అన్నిటికన్నా అరిగిన చోట నుంచే పేలుతుంది, అక్కడి నుంచే జారుతుంది. అందుకని టైరు దగ్గర అన్నిటికన్నా తక్కువ వచ్చిన రీడింగే లెక్క. మిగతావన్నీ ఆ తక్కువ ఎందుకొచ్చిందో చెప్పే సాక్ష్యాలు.

ఇక ఎలా కొలవాలో చెబుతాను.

వెర్నియర్ అక్కర్లేకుండానే మొదటి పరీక్ష చేయొచ్చు, దాని సామాను టైరులోనే ఉంటుంది. టైరు చుట్టూ పారే పెద్ద గాడుల్లోకి తొంగిచూస్తే అక్కడక్కడ, పొలం కాలువకు అడ్డంగా వేసిన గట్టులాగా, చిన్న రబ్బరు గట్టు కనిపిస్తుంది. దాని ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. అది ఎక్కడుందో వెతుక్కోవడానికి టైరు పక్కగోడ పైఅంచున ‘టీడబ్ల్యూఐ’ అనే మూడు ఇంగ్లీషు అక్షరాలో, చిన్న త్రికోణమో, కంపెనీ బొమ్మో ఉంటుంది. ఆ గుర్తుకు సూటిగా టైరు మొహం మీదికి, అంటే రోడ్డుకు ఆనే భాగం మీదికి, వేలు జరపండి, గట్టు తగులుతుంది. చుట్టూ ఉన్న రబ్బరు ఆ గట్టుతో సమానమైతే టైరు ఆయుష్షు చట్టప్రకారం తీరినట్టే. ఒక్క గాడిలో సమానమైనా అంతే, మిగతా గాడులు ఎంత లోతున్నా సరే.

కానీ గట్టు చెప్పేది ‘అయిపోయింది’ అనే ఒక్క ముక్క. ఇంకా ఎంత ఉందో చెప్పదు. అందుకు కొలత కావాలి. టైరు లోతు కొలిచే చిన్న గేజీలు ఆన్‌లైన్లో తక్కువ ధరకే దొరుకుతాయి. ఇంట్లో ఫిజిక్స్ చదివే పిల్లలుంటే వెర్నియర్ ఉండే ఉంటుంది. దవడలతో కాదు, వెనక తోకలాగా బయటికొచ్చే సన్నటి పట్టీతో కొలవాలి. పరీక్షలో ఎవరూ అడగరు కాబట్టి పిల్లలు ఆ పట్టీని పట్టించుకోరు. లోతు కొలవడానికే అది పెట్టింది. వెర్నియర్ వెనక కొసను గాడికి రెండు పక్కల ఉన్న రబ్బరు మీద సమంగా ఆనించి, తోకను గాడి అడుగు తగిలేదాకా దించి చదవాలి. మామూలు ల్యాబు వెర్నియర్ 0.1 మిల్లీమీటరు దాకా చెబుతుంది, మనకు అది చాలు. శూన్య దోషం, అంటే ఏమీ కొలవకముందే సున్నా దగ్గర ఉన్న తేడా, ముందే చూసుకోండి (పిల్లలకు చెప్పేది మనమూ పాటించాలి కదా). తోక గట్టు మీద ఆనితే లోతు అసలు కన్నా 1.6 తక్కువ చూపిస్తుంది, గాడిలో ఇరుక్కున్న కంకర రాయి మీద ఆనినా తక్కువే చూపిస్తుంది. అందుకని ముందు రాళ్లు ఊడబెరకండి. ఏదీ లేకపోతే చీపురు పుల్ల దించి, గోటితో గుర్తుపెట్టి, జామెట్రీ బాక్సు స్కేలు మీద చూసుకోవచ్చు. ఆ లెక్క మోటుగా ఉంటుంది. ‘నాలుగుందా, రెండుందా’ తేల్చడానికి పనికొస్తుంది, రెండుకూ ఒకటిన్నరకూ తేడా దాంతో తేలదు.

ఒక్కో టైరుకు బయట, మధ్య, లోపల మూడు గాడులూ కొలవాలి. అలా కనీసం రెండు మూడు చోట్ల, చక్రం కొంచెం కొంచెం తిప్పుకుంటూ. అన్నిటికన్నా ముఖ్యమైంది లోపలిదే, అన్నిటికన్నా కష్టమైందీ అదే. నేను చేసిన తప్పు బద్ధకం వల్లే. లోపలి గాడికి చెయ్యి అందలేదని వదిలేశాను. ముందు చక్రాలకైతే స్టీరింగు ఒక పక్కకు పూర్తిగా తిప్పి దిగండి. టైరు మొహం బయటికి తిరిగి వెడల్పంతా కనిపిస్తుంది. వెనక చక్రాలు తిరగవు కాబట్టి కారు వెనక గొంతుక్కూర్చుని, ఫోను లైటు వేసి, చక్రం వెనక నుంచి వీడియో తీయడమే సులువు. తర్వాత పెద్దది చేసి చూసుకోవచ్చు. జాకీ మీద లేపి కింద దూరే పని మాత్రం చేయకండి. మా ఆవిడ నన్ను కారు పక్కన నేల మీద పడుకుని ఉండగా చూసి “పడిపోయారా?” అని పరుగెత్తుకొచ్చింది. ల్యాబు వెర్నియర్ చేతిలో చూశాక ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోయింది.

రీడింగులు మూడూ ఒకేలా లేకపోతే ఆ తేడా టైరు మీకు చెబుతున్న ఫిర్యాదు. మధ్యలో ఎక్కువ అరిగి అంచులు బాగుంటే గాలి ఎక్కువ పట్టించి తిప్పుతున్నారు. రెండు అంచులూ అరిగి మధ్య బాగుంటే గాలి తక్కువ. ఒక్క అంచే, నాకు జరిగినట్టు, అరిగితే చక్రం నిలబడిన తీరులోనే తేడా, అంటే అలైన్‌మెంట్ పోయింది. నా విషయంలో ముందే సూచన ఉంది. జూన్‌లో హుజూర్‌నగర్ వైపు ఒక పెళ్లికి వెళ్తూ, సిమెంటు లారీలు తిరిగే రోడ్డు మీద పెద్ద గుంతలో పడ్డాను. ఆ తర్వాత నుంచీ కారు కొంచెం ఎడమకు లాగుతోంది. రోడ్డు వాలు అనుకుని స్టీరింగు కుడివైపు కాస్త పట్టుకుని నడిపేశాను. రెండు నెలల్లో నాలుగు వేల కిలోమీటర్ల దాకా చక్రం అలా ఓరగా ఈడ్చుకుంటూ వచ్చింది. అలైన్‌మెంట్‌కు పెట్టని కొన్ని వందల రూపాయలు ఒక టైరును మింగేశాయి.

అరచేతితో కూడా ఒక పరీక్ష ఉంది. టైరు మొహం మీద అరచేతిని లోపలి నుంచి బయటికి, తర్వాత బయటి నుంచి లోపలికి మెల్లగా రాయండి. ఒకవైపు నున్నగా, ఇంకోవైపు రంపం పళ్లలా గరుకుగా తగిలితే అలైన్‌మెంట్ చూపించాల్సిందే. కంటికి ఏ తేడా కనిపించనప్పుడే ఇది పట్టుకుంటుంది. తీగలు తేలాయేమో ముందు లైటు వేసి చూసుకుని చెయ్యి పెట్టండి, నా వేలు సాక్ష్యం. టైరు చుట్టూ అక్కడక్కడ గుంతలు పడ్డట్టు అరిగి, కారు నడుస్తుంటే గుమ్‌గుమ్మని మోత వస్తే సస్పెన్షనో, బ్యాలెన్సింగో అనుమానించాలి. అప్పుడు టైరు మాత్రమే మారిస్తే కొత్తదీ అలాగే పాడవుతుంది.

మరి ఎంతకు మార్చాలి? చట్టం 1.6 అంటుంది, బైకులకూ ఆటోలకూ 0.8. ఎండాకాలం పొడి రోడ్డు మీద 2 మిల్లీమీటర్ల టైరు తేడా తెలియనివ్వదు. అసలు పూర్తిగా పొడి రోడ్డయితే గాడులతో పెద్ద పనే లేదు. వాటి ఉద్యోగం నీళ్లను తోడేయడం. నా కారు టైరు సైజు 165/80 ఆర్14. చుట్టుకొలత లెక్కేస్తే రెండు మీటర్లకు కాస్త తక్కువ. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో అది సెకనుకు పదకొండు చుట్లు పైనే తిరుగుతుంది. రోడ్డు మీద ఒక చోట ఉన్న నీటిని పక్కకు నెట్టి తారును పట్టుకోవడానికి టైరుకు దొరికే సమయం సెకనులో వందో వంతు కూడా కాదు. గాడిలో చోటు లేకపోతే ఆ నీళ్లు ఎక్కడికి పోతాయి? టైరు కిందే ఉండి దాన్ని పైకి లేపుతాయి. మునగాల దగ్గర నా స్టీరింగు తేలికైంది అందుకే. అందువల్ల నా గీత 3 మిల్లీమీటర్లు. వానల్లో హైవే ఎక్కేవాళ్లకు నేను చెప్పేదీ అదే. ఊళ్లోనే బజారుకూ బడికీ తిరిగే కారైతే 2 దాకా ఆగినా పెద్దగా తప్పుపట్టను.

కాలం కూడా కలిసిరావాలి. మే చివర్లో కొలిస్తే 3.3 వచ్చిందనుకోండి, ‘ఇంకా 3 కాలేదుగా’ అని వానాకాలంలోకి వెళ్లడం తెలివి కాదు. మృగశిర కార్తెకు ముందే మార్చేసుకోండి. ఆ మూడు పాయింట్ల రబ్బరు ఎండల్లో ఉపయోగపడేది, వానల్లో కాదు.

ఎండల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. రోహిణి కార్తెలో టైర్లు పేలతాయని భయపడి గాలి తగ్గించి తిప్పేవాళ్లు మా స్టాఫ్ రూములోనే ముగ్గురున్నారు, అందులో ఒకాయన కెమిస్ట్రీ. వేడికి గాలి పీడనం పెరుగుతుంది, నిజమే. ఆ పెరుగుదలను టైరు తట్టుకునేలాగే తయారుచేస్తారు. గాలి తగ్గిస్తే పక్కగోడ ప్రతి చుట్టుకూ ఎక్కువ వంగుతుంది, వంగినకొద్దీ లోపల వేడి పుడుతుంది. పేలేది ఎక్కువగా ఆ వేడికే. డ్రైవరు డోరు తెరిస్తే స్తంభం మీద స్టిక్కరు ఉంటుంది, అందులో ఉన్న అంకె ప్రకారం ఉదయం బండి తీయకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు పట్టించండి. ముప్పై కిలోమీటర్లు నడిపి బంకులో ఆపి చూస్తే ఎక్కువే చూపిస్తుంది, అది చూసి గాలి తీసేయకండి.

లోతు బాగున్నా మార్చాల్సిన టైర్లు ఉంటాయి. మా మామగారిది చీరాల. కారు ఉంది గానీ గుడికీ బ్యాంకుకూ తప్ప తీయరు, మిగతా రోజులన్నీ చెట్టు కింద సగం ఎండలో, సగం నీడలో ఉంటుంది. సంక్రాంతికి వెళ్లినప్పుడు వెర్నియర్ తీశాను. నాలుగింటికీ 6 మిల్లీమీటర్ల పైనే. ఆయన మొహం వెలిగిపోయింది. తర్వాత తేదీ వెతికాను. పక్కగోడ మీద డీ, ఓ, టీ అనే ఇంగ్లీషు అక్షరాల వెంట పెద్ద కోడు ఉంటుంది, దాని చివరి నాలుగంకెలు చూడాలి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఆయన టైర్ల మీద 3816 ఉంది. అంటే 2016లో 38వ వారం, సెప్టెంబరు. ఆ అంకెలు చాలా టైర్లకు ఒక పక్కే ఉంటాయి. బయట కనబడకపోతే లోపలి వైపు చూడాలి, మళ్లీ ఫోను లైటే దిక్కు.

“అల్లుడుగారూ, గాడులు కొత్తవాటిలా ఉన్నాయని మీరే అన్నారు కదా” అన్నారాయన. నిజమే, వెర్నియర్ పాస్ చేసింది, క్యాలెండరు ఫెయిల్ చేసింది. రబ్బరు నడవకపోయినా ముసలిదవుతుంది. ఎండకూ గాలికీ గట్టిపడి చీలుతుంది. ఆయన టైర్ల పక్కగోడల మీద బీటలువారిన చెరువులా సన్నటి నెర్రెలు, గాడి అడుగున కూడా. గోరుతో నొక్కితే దిగలేదు. అయిదేళ్లు దాటిన టైరును ఏడాదికోసారి తెలిసినవాళ్లకు చూపించాలి, పదేళ్లు దాటితే ఎలా ఉన్నా తీసేయాలి అన్నది టైరు కంపెనీలే చెప్పే మాట. కొన్ని కార్ల కంపెనీలు ఆరేళ్లకే మార్చమంటాయి. నెర్రెలు గాడుల్లోకి దిగితే నేను ఏళ్లు కూడా లెక్కపెట్టను. మామగారు రెండు గంటలు వాదించి నాలుగు టైర్లకు ఒప్పుకున్నారు. “స్టెప్నీ ఒక్కసారీ వాడలేదు, దాన్ని మాత్రం ముట్టుకోవద్దు” అన్నారు. అదీ 3816దే. వాడనిది కాబట్టి కొత్తది అనే ఆ మాటే చాలామంది డిక్కీల్లో ఉంది. పంక్చరైన రాత్రి దాని మీదే ఇంటికి రావాలి కదా.

ఇక పక్కగోడ మీద నిమ్మకాయంతో, కోడిగుడ్డంతో ఉబ్బు కనబడితే కొలతలూ లేవు, తేదీలూ లేవు. గుంతలో పడ్డప్పుడు లోపలి దారాలు తెగి గాలి అక్కడికి చేరింది. దానికి మరమ్మతు లేదు. ఆ టైరును హైవే ఎక్కించకుండా మార్చాలి. అరిగిన టైరుకు కత్తితో కొత్త గాడులు చెక్కి ‘సెకండ్ హ్యాండ్’ అని అమ్మేవాళ్లున్నారు, జాగ్రత్త. గాడి లోతుగా ఉండి గట్టు ఎక్కడా కనబడకపోయినా, గాడి అడుగున గీతలు వంకరగా ఉన్నా వదిలేసి రండి. తక్కువ ధర పెట్టి తీగలు కొనుక్కున్నట్టే అది.

నేను రెండు టైర్లే మార్చాను, డబ్బు అంతే ఉంది. షాపాయన కొత్తవి ముందు బిగించబోయాడు, అందరూ అలాగే బిగిస్తారు. ఇంజను తిప్పేది ముందు చక్రాల్ని కాబట్టి అది సబబే అనిపిస్తుంది. కానీ వానలో ముందు చక్రాలు జారితే కారు సూటిగా పోతుంది, యాక్సిలరేటర్ వదిలితే చాలావరకు దారికొస్తుంది. వెనక చక్రాలు జారితే కారు గిర్రున తిరుగుతుంది, దాన్ని ఆపడం మనలాంటి వాళ్ల వల్ల కాదు. అందుకే కొత్తవి వెనక్కు వేయాలి. కాసేపు వాదించుకున్నాక “మీ ఇష్టం సార్” అని వేశాడు. మరో రెండు నెలలకు జీతం డబ్బులతో మిగతా రెండూ మార్చాను. ఈసారి బిగించకముందే తేదీ చూశాను. షాపులో ఎండకు పెట్టిన ఏడాదిన్నర నాటి టైరు తీసుకొస్తే లోపల నుంచి వేరేది తెమ్మన్నాను. ఆరు నెలల లోపుదైతేనే నేను తీసుకుంటాను.

ఎనిమిది, పది వేల కిలోమీటర్లకోసారి ముందువి వెనక్కు, వెనకవి ముందుకు మారుస్తాను, అప్పుడే అలైన్‌మెంట్ కూడా. ముందు చక్రాలు తొందరగా అరిగే కార్లకు ఇది చేయకపోతే రెండు గుండు టైర్లు, రెండు కొత్త టైర్లు మిగులుతాయి. పక్కగోడ మీద బాణం గుర్తున్న టైర్లయితే అటువైపువి అటే ముందూవెనకా మార్చాలి, పక్కలు మార్చకూడదు.

నోట్‌బుక్కు ఇప్పుడు డాష్‌బోర్డులోనే ఉంటుంది. తేదీ, మీటరు రీడింగు, ఒక్కో టైరుకు మూడు అంకెలు, చివర గుండ్రంగా చుట్టిన అతి తక్కువ అంకె. సగటు గడి కొట్టేశాను. కొత్తప్పుడు 7.6 ఉన్నాయి. 18,000 కిలోమీటర్ల తర్వాత, మొన్న నవంబరు మొదట్లో, ముందు ఎడమది బయట 5.2, మధ్య 5.1, లోపల 5.0. చుట్టింది 5.0. అంటే ఏడు వేల కిలోమీటర్లకు దాదాపు ఒక మిల్లీమీటరు పోతోంది. 3కు చేరాలంటే ఇంకా పద్నాలుగు వేలు, నెలకు రెండు వేల చొప్పున ఏడు నెలలు. అంటే సరిగ్గా మృగశిర సమయానికే. మే నెల జీతంలోంచి డబ్బు పక్కన పెట్టాలని కింద ఎర్ర సిరాతో రాసుకున్నాను.